గాయపడిన తరువాత బెదిరిపోయిన కుక్కను కుదుటపరచడం: సమగ్ర మార్గదర్శి

గాయం మానింది, కుట్లు విప్పారు, ఎక్స్-రేలో ఎముక అతుక్కున్నట్టే కనిపిస్తోంది; అయినా కుక్క మాత్రం మునుపటిలా లేదు. చేయి చాపితే వెనక్కి తగ్గుతుంది, మెట్ల దగ్గర ఆగిపోతుంది, తలుపు చప్పుడుకు మంచం కిందికి దూరుతుంది, ఏనాడూ గుర్రుమననిది కాలు తుడవబోతే పళ్లు చూపిస్తుంది. కొందరు దీనిని మొండితనమనుకొని గదమాయిస్తారు. మరికొందరు కొన్నాళ్లకు అదే సర్దుకుంటుందని ఊరుకుంటారు. గదమాయిస్తే భయం ముదురుతుంది, ఊరుకుంటే చాలా సందర్భాలలో పాతుకుపోతుంది.

నొప్పి కలిగిన క్షణాన్ని కుక్క మెదడు విడిగా గుర్తుపెట్టుకోదు. ఆ క్షణంలో చుట్టూ ఉన్న చప్పుడును, వాసనను, నేలను, మనిషిని, అన్నింటినీ నొప్పితో కలిపి ముడివేస్తుంది. బండి తగిలిన కుక్క బండికే కాక, బ్రేకు కీచుమన్న శబ్దానికి, ఆ వీధి మలుపుకు, అప్పుడు మెడకున్న పట్టీకి, చివరకు దాన్ని ఎత్తుకొని ఆస్పత్రికి పరుగెత్తిన యజమాని చేతులకు కూడా భయపడవచ్చు. నొప్పి తీవ్రమైనదైతే ఇటువంటి ముడి పడటానికి ఒక్క అనుభవం చాలు. ఒకసారి పడ్డాక అది ఒక బండి నుంచి అన్ని బండ్లకు, ఒక చేతి నుంచి అన్ని చేతులకు త్వరగా పాకుతుంది. ధైర్యం అలా పాకదు. ఒక గదిలో నేర్చుకున్న నిబ్బరాన్ని పక్క గదిలో మళ్లీ మొదటి నుంచి నేర్పవలసి వస్తుంది. ఈ తేడా తెలిసి ఉంటే తరువాత చెప్పబోయే పనులలో ఇంత నిదానం ఎందుకో అర్థమవుతుంది.

వరుస కూడా ముఖ్యమే. ముందు నొప్పి, తరువాత ఇల్లు, ఆ తరువాతే శిక్షణ. నేరుగా శిక్షణతో మొదలుపెట్టి నెలలు వృథా చేసుకున్నవారు ఎక్కువ.

మొదటి దశ: నొప్పి ఇంకా ఉందా లేదా తేల్చుకోవడం

బెదురుకు కారణం జ్ఞాపకమేనని నిర్ణయించుకునే ముందు, శరీరంలో ఈ రోజుకీ నొప్పి మిగిలి ఉందేమో పశువైద్యుడి చేత పరీక్ష చేయించాలి. పైకి గాయం మానినా లోపల నొప్పి ఉండటానికి కారణాలు చాలా ఉన్నాయి. విరిగిన కాలిని కాపాడుకుంటూ నడిచినన్నాళ్లూ మిగిలిన మూడు కాళ్ల మీద, వెన్ను మీద అదనపు భారం పడుతుంది. కీలు దెబ్బతింటే తరువాతి కాలంలో అక్కడ అరుగుదల మొదలవుతుంది. లోపల బిగించిన ప్లేటో మరనో చికాకు పెట్టవచ్చు. ఎక్కువ కాలం నొప్పి అనుభవించిన నాడీ వ్యవస్థ తానే అతిసున్నితంగా మారి, మామూలు స్పర్శను కూడా నొప్పిగా అందుకోవచ్చు. తలకు దెబ్బ తగిలిన కుక్క విషయంలో చూపు, వినికిడి కూడా పరీక్షించాలి. ఒక పక్క సరిగా కనిపించని కుక్క ఆ పక్క నుంచి వచ్చిన చేతికి ఉలిక్కిపడటంలో వింత లేదు.

ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం ఇక్కడ చెప్పుకోదగినది. శబ్దాలకు భయపడే 20 కుక్కలను వారు పరిశీలించారు. వాటిలో సగం కుక్కలకు కండరాలలోనో కీళ్లలోనో నొప్పి ఉంది. నొప్పి ఉన్న కుక్కలలో శబ్దభయం, మిగతావాటితో పోలిస్తే, సగటున సుమారు నాలుగేళ్లు పెద్ద వయసులో మొదలైంది. పెద్ద శబ్దానికి ఉలిక్కిపడి కండరాలు బిగిసినప్పుడు నొప్పి పుట్టి, ఆ నొప్పి శబ్దంతో ముడిపడి ఉంటుందని వారి వివరణ. ఇరవై కుక్కలంటే చిన్న సంఖ్యే. అయినా, ఎదిగిన కుక్కలో ఉన్నట్టుండి కొత్త భయం కనిపిస్తే ముందు నొప్పిని అనుమానించాలన్న సలహా మాత్రం అనుభవజ్ఞులైన పశువైద్యులు ఎవరైనా ఇచ్చేదే.

నొప్పిని కుక్కలు బాహాటంగా చూపవు. అరిచేంత నొప్పి అరుదు. కనిపించేవి చిన్న విషయాలు: పడుకునే ముందు మునుపటి కంటే ఎక్కువసార్లు తిరగడం, రాత్రిళ్లు చోటు మారుస్తూ ఉండటం, సోఫా ఎక్కబోయి ఒక్క క్షణం ఆగడం, మూత్రానికి కాలెత్తడం మానేయడం, ఒకే చోట అదే పనిగా నాకడం, వీపు నిమిరితే చర్మం వణికినట్టు కదలడం, ఒళ్లు విదిలించుకోవడం సగంలో ఆపేయడం. వీటిని మాటల్లో వర్ణించడం కంటే ఫోనుతో వీడియో తీసి చూపడం మేలు. ఆస్పత్రిలో భయం వల్ల కుక్క ఒళ్లంతా బిగించుకుంటుంది, కుంటు కూడా కప్పిపుచ్చుతుంది. ఇంట్లో అది లేచే తీరు, మెట్లు దిగే తీరు, మలుపు తిరిగే తీరు తీసిన వీడియోలే వైద్యుడికి అసలు సంగతి చెబుతాయి.

పరీక్షలో ఏమీ తేలకపోయినా అనుమానం మిగిలితే, కొన్ని వారాల పాటు నొప్పి మందు ఇచ్చి ప్రవర్తనలో మార్పు వస్తుందేమో చూద్దామా అని వైద్యుడిని అడగవచ్చు. మందు వాడుతుండగా బెదురు తగ్గితే కారణంలో కొంత భాగం దొరికినట్టే. మనుషుల మందులు మాత్రం సొంతంగా ఇవ్వనే కూడదు. ఐబుప్రోఫెన్ కుక్కల కడుపులో పుండ్లు పెట్టి మూత్రపిండాలను దెబ్బతీయగలదు. పారాసిటమాల్ కాలేయాన్ని, రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని పాడుచేయగలదు.

రెండవ దశ: ఇంటిని కుక్కకు అర్థమయ్యేలా సర్దడం

బెదిరిన కుక్కకు మొదట కావలసినది, తనకు ఏమి జరగబోతోందో ముందే తెలియడం. తిండి, నడక, మందు, నిద్ర రోజూ దాదాపు అదే వేళకు జరిగితే సగం ఆందోళన శిక్షణ ఏమీ లేకుండానే తగ్గుతుంది.

ఇంట్లో దానికంటూ ఒక మూల కేటాయించాలి. రాకపోకలు తక్కువగా ఉన్న చోట, గోడ ఆసరాగా, బయటికి వెళ్లే దారి మూసుకుపోకుండా ఒక పరుపు వేస్తే చాలు. కొన్ని కుక్కలు పైన దుప్పటి కప్పిన, తలుపు తీసి ఉంచిన బోనును ఇష్టపడతాయి. ఆ మూలకు ఒకే నియమం: అక్కడ ఉన్నప్పుడు కుక్కను ఎవరూ ముట్టరు, లాగరు, మందు వేయరు, మాటిమాటికీ తొంగిచూడరు. పిల్లలకు ఈ నియమం చెప్పడం సులభం. ఇంటికి వచ్చిన చుట్టాలకు చెప్పడమే కష్టం. కాబట్టి ఆ మూలకు అడ్డంగా ఒక చిన్న గేటు పెట్టడం మంచిది.

తరువాత నేల. నున్నటి టైల్స్ మీద కాలు జారిన ప్రతిసారీ గాయపడిన కుక్కకు ఆ పడిపోయిన క్షణం మళ్లీ ఎదురవుతుంది. అది ఎక్కువగా తిరిగే దారి పొడవునా జారని చాపలు పరవాలి, కాలివేళ్ల మధ్య పెరిగిన వెంట్రుకలు, గోళ్లు కత్తిరించాలి (స్పర్శకు భయం ఉంటే ఇది వైద్యుడి దగ్గర, అవసరమైతే మత్తులో చేయించాలి), సోఫాకూ కారుకూ వాలుబల్ల ఏర్పాటు చేయాలి. నీళ్లగిన్నె, అన్నంగిన్నె కాస్త ఎత్తులో పెడితే మెడకు, ముందుకాళ్లకు దెబ్బ తగిలిన కుక్కలకు సుఖంగా ఉంటుంది.

కుట్లు నాకకుండా మెడకు వేసే కోన్ గురించి ఒక మాట. అది పక్కచూపును మూసేస్తుంది, శబ్దాలు వచ్చే దిక్కు తెలియకుండా చేస్తుంది, గుమ్మానికి తగిలిన ప్రతిసారీ మెడ మీద కుదుపు ఇస్తుంది. గాయం మానే రోజుల్లో కొత్తగా పుట్టే భయాలలో కొన్ని దీని పుణ్యమే. వైద్యుడు ఒప్పుకుంటే గాలితో నింపే మెత్తటి మెడచుట్టునో, ఒంటికి తొడిగే బట్టనో వాడవచ్చు. కోన్ తప్పనిసరి అయితే దారులు వెడల్పు చేసి, దగ్గరకు వచ్చే ముందు పేరు పెట్టి పిలిచి రావాలి.

ఎదిగిన కుక్కలో విరిగిన ఎముక అతుక్కోవడానికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఈ విశ్రాంతి కాలంలో పరుగులు కుదరవు కాబట్టి మెదడుకు పని కల్పించాలి. మడిచిన తువ్వాలులో తిండిపలుకులు దాచి వెతకనివ్వడం, నమిలే వస్తువులు ఇవ్వడం, ఎత్తుకెళ్లి గడ్డిలో కూర్చోబెట్టి పది నిమిషాలు వాసనలు చూడనివ్వడం వంటివి కుక్కను నిజంగానే శాంతపరుస్తాయి. నిద్ర సంగతి చాలామంది పట్టించుకోరు. ఎదిగిన కుక్క రోజులో సగానికి పైగా నిద్రలోనో కునుకులోనో గడుపుతుంది. కోలుకుంటున్న కుక్కకు ఇంకా ఎక్కువ కావాలి, అది దక్కకపోతే ప్రతి చిన్న విషయానికీ ఉలికిపాటు పెరుగుతుంది.

మూడవ దశ: భయాన్ని ముందుగా గుర్తుపట్టడం

కరవడం, మొరగడం చివరి మెట్లు. వాటికి చాలా ముందే కుక్క తన ఇబ్బందిని చెబుతుంది. తిండి ఏమీ లేకుండానే ముక్కును నాలుకతో చటుక్కున నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది, చెవులు వెనక్కి వాలుస్తుంది, తోక పొట్ట కిందికి ముడుస్తుంది, బరువంతా వెనక కాళ్ల మీదికి మారుస్తుంది, వేడి లేకపోయినా రొప్పుతుంది. వీటన్నింటిలోనూ తప్పక గమనించవలసినది బిగుసుకుపోవడం. నిమురుతుండగా కుక్క ఒక్క క్షణం కదలిక ఆపి, నోరు మూసి, ఊపిరి బిగపట్టినట్టు నిలబడితే దానిని బుద్ధిగా నిలబడటంగా పొరబడేవారు చాలామంది. ఆ క్షణానికీ కాటుకీ మధ్య ఒక్కోసారి మరో మెట్టు ఉండదు.

తిండి తినే తీరు కూడా ఒక కొలబద్ద. నెమ్మదిగా, పెదవులతో అందుకునే కుక్క, ఆందోళన పెరిగేకొద్దీ వేళ్లకు పళ్లు తగిలేలా లాక్కుంటుంది. ఇంకా పెరిగితే మాంసం ముక్కను కూడా నోట్లోంచి వదిలేస్తుంది. లాక్కోవడం మొదలైన చోటే ఆగి వెనక్కి తగ్గడం శిక్షణలో సగం నైపుణ్యం.

ఒక నోటుపుస్తకంలో తేదీ, ఏమి జరిగింది, భయపెట్టిన వస్తువు ఎంత దూరంలో ఉంది, కుక్క ఏమి చేసింది, మళ్లీ మామూలు కావడానికి ఎంతసేపు పట్టింది అని రాసుకోవాలి. చివరి అంకె అన్నింటికంటే విలువైనది, ఎందుకంటే బాగుపడుతున్న కుక్కలో ముందుగా మారేది అదే. అది బెదరడం ఇంకా మానకపోయినా, గంటసేపు మంచం కింద ఉండేది పది నిమిషాలకు బయటికి వస్తోందంటే దారి సరైనదే. భయాలు ఒకదానిపై ఒకటి పోగుపడతాయన్న సంగతి కూడా ఈ పుస్తకమే చూపిస్తుంది: ఉదయం కట్టు మార్చిన రోజున మధ్యాహ్నం తలుపు గంట మోగితే, సాయంత్రం మామూలుగా లెక్కచేయని సైకిలుకు కూడా కుక్క ఎగిరిపడుతుంది. అటువంటి రోజున శిక్షణ మానేసి ఇంట్లో విశ్రాంతిగా ఉంచాలి.

ఇంటివాళ్లు మార్చుకోవలసినవి

గుర్రుమన్న కుక్కను కొట్టడమో కసరడమో చేస్తే భయం తగ్గదు, హెచ్చరిక మాత్రమే మాయమవుతుంది. హెచ్చరించకుండా కరిచే కుక్క హెచ్చరించే కుక్క కంటే ప్రమాదకరం. గుర్రుమన్నప్పుడు చేయవలసినది, చేస్తున్న పని ఆపి దూరం జరగడం, తరువాత నిదానంగా అది ఎందుకు గుర్రుమందో ఆలోచించడం. అలాగే, భయపడే వస్తువు దగ్గరకు బలవంతంగా లాక్కెళ్లి అలవాటయ్యే వరకు నిలబెట్టడం ఒక పాత పద్ధతి. అక్కడ కుక్క నిశ్శబ్దంగా నిలబడిందంటే తేరుకుందని అర్థం కాదు, తప్పించుకునే ఆశ వదులుకుని ఉండవచ్చు.

భయపడినప్పుడు ఓదారిస్తే భయం ముదురుతుందన్న మాట ప్రచారంలో ఉంది కానీ దానికి ఆధారం లేదు. భయం ఒక భావోద్వేగం; బహుమానం కోసం ఎవరూ భయపడరు. కుక్క తానే దగ్గరకు వచ్చి ఒరిగితే నెమ్మదిగా మాట్లాడుతూ పక్కన కూర్చోవచ్చు. అయితే దగ్గరకు రాని కుక్కను వెతికి పట్టుకొని ఒళ్లోకి లాక్కోవడం ఓదార్పు కాదు.

దగ్గరకు వెళ్లే తీరు కూడా మారాలి. ఎదురుగా నడిచి, పైనుంచి వంగి, తల మీద చేయి వేయడం బెదిరిన కుక్కకు అన్నింటికంటే భయపెట్టే పలకరింపు. పక్కకు తిరిగి కూర్చొని, చేయి తొడ మీదే ఉంచి, కుక్కనే రానివ్వాలి. అది వస్తే ఛాతీ పక్కనో భుజం మీదో మూడు సెకన్లు నిమిరి చేయి తీసేయాలి. మళ్లీ దగ్గరకు జరిగితే ఇంకా కావాలని, ఒళ్లు విదిలించుకుని అటు తిరిగితే ఇక చాలని అర్థం. ఈ చిన్న పరీక్షను ఇంట్లో అందరూ పాటిస్తే కుక్కకు ఒక నమ్మకం కలుగుతుంది: తాను వద్దంటే మనుషులు ఆగుతారు. ఈ మార్గదర్శిలో ఒక్క విషయమే పాటించగలిగేవారు దీన్ని పాటించండి. వద్దనే వీలున్న కుక్కే త్వరగా ఒప్పుకుంటుంది.

కాటు వేసే అవకాశం ఉన్న కుక్కకు మూతిబుట్ట అలవాటు చేయడం అవమానమేమీ కాదు. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుండే బుట్ట ఆకారపుదే వాడాలి. అందులో తిండి పెట్టి, కుక్క తానే మూతి దూర్చేలా కొన్ని వారాలు అలవాటు చేశాకే పట్టీ బిగించాలి.

నాలుగవ దశ: స్పర్శ మీద భయం పోగొట్టడం

1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలంటే హడలిపోయే ఒక చిన్న పిల్లవాడికి, ఇష్టమైన తిండితో జతచేస్తూ కుందేలును దూరం నుంచి కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చి ఆ భయాన్ని పోగొట్టింది. కుక్కల విషయంలో ఈనాటికీ వాడే పద్ధతికి మూలం అదే. భయపెట్టే విషయాన్ని కుక్క తేలికగా భరించగలిగేంత తక్కువ మోతాదులో చూపడం, చూపిన వెంటనే దానికి ఎంతో ఇష్టమైనది ఇవ్వడం. ఈ రెండూ కలిసి సాగాలి.

వెనక కుడికాలు విరిగి కోలుకున్న కుక్క ఆ కాలిని ముట్టనివ్వడం లేదనుకుందాం. వైద్యుడు ఇప్పుడు నొప్పి లేదని చెప్పాకే మొదలుపెట్టాలి. కుక్కకు నచ్చిన చాప మీద, నిశ్శబ్దంగా ఉన్న వేళ, వేలిగోరంత మాంసం ముక్కలు పక్కన ఉంచుకొని కూర్చోవాలి. ముందుగా చేయి ఎక్కడి వరకు వస్తే కుక్క పట్టించుకోదో కనుక్కోవాలి. అది భుజం కావచ్చు. చేతిని భుజం మీద ఒక సెకను ఉంచి తీసేయాలి, తీసిన తరువాత రెండో చేత్తో ముక్క ఇవ్వాలి. వరుస ఎప్పుడూ ఇదే: ముందు స్పర్శ, తరువాత తిండి. ముందు తిండి చూపించి అది తింటుండగా చాటుగా కాలు పట్టుకుంటే, తిండి కనిపించడమే ప్రమాద సూచన అవుతుంది. తరువాత మాంసం చూసినా పారిపోయే కుక్క తయారవుతుంది.

భుజం మీద చేయి పడగానే కుక్క ముక్క కోసం రెండో చేతి వైపు ఆశగా చూడటం మొదలుపెడితే ఆ మెట్టు పూర్తయినట్టు. అప్పుడు పక్కటెముకల మీదికి, కొన్నాళ్లకు నడుము మీదికి, తరువాత మొదట మంచి కాలి తొడ మీదికి, ఆ తరువాత గాయపడిన కాలి తొడ మీదికి రావాలి. తొడ నుంచి మోకాలు, మోకాలి నుంచి మడమ, మడమ నుంచి పాదం. ఒక్కో జాగాలో కూడా మెట్లుంటాయి: చేతి వెనక వైపుతో తాకడం, అరచేత్తో తాకడం, తేలికగా నొక్కడం, వేళ్లతో చుట్టి పట్టుకోవడం, రెండు సెకన్లు పట్టి ఉంచడం, కాలిని నేల నుంచి వేలెడంత ఎత్తడం. చోటు మార్చినప్పుడు స్పర్శను తేలిక చేయాలి, స్పర్శను గట్టి చేసినప్పుడు చోటు మార్చకూడదు. రెండింటినీ ఒకేసారి పెంచడం వల్లే ఎక్కువ ప్రయత్నాలు చెడిపోతాయి.

ఒక్కో విడత మూడు నాలుగు నిమిషాలు చాలు, రోజుకు ఒకటి రెండు విడతలు. కుక్క లేచి వెళ్లిపోతే ఆ రోజుకు అంతే. వెనక్కి పిలవకూడదు, తిండి ఆశచూపి కూర్చోబెట్టకూడదు.

దీనికి ఒక మంచి జోడింపు ఉంది. తక్కువ ఎత్తు స్టూలు మీద మడిచిన తువ్వాలు వేసి, దాని మీద గడ్డం ఆనించి ఉంచడం కుక్కకు వేరుగా నేర్పాలి. గడ్డం ఆనించి ఉన్నంతసేపే స్పర్శ జరుగుతుంది. గడ్డం ఎత్తిన మరుక్షణం చేయి వెనక్కి వస్తుంది. కొద్ది రోజుల్లోనే కుక్క ఈ ఒప్పందాన్ని పట్టేస్తుంది. కాలు తాకినప్పుడు గడ్డం ఎత్తి, చేయి నిజంగానే ఆగిందని చూసుకొని, మళ్లీ తానే గడ్డం ఆనిస్తుంది. కట్టు మార్చడం, చెవిలో మందు వేయడం, గోళ్లు తీయడం అన్నీ ఈ ఒప్పందం మీదే నడిపించవచ్చు. గడ్డం ఎత్తినా ఒక్కసారి మొహమాటపెట్టి పని కానిచ్చేస్తే ఒప్పందం అక్కడితో చెడుతుంది; కాబట్టి అత్యవసరంగా చేయక తప్పని చికిత్సను ఆ స్టూలు దగ్గర చేయకుండా వేరే గదిలో, వేరే విధంగా చేయాలి.

ఐదవ దశ: బయటి ప్రపంచం

బండ్లకో ఇతర కుక్కలకో భయపడే కుక్క విషయంలో మోతాదు అంటే ముఖ్యంగా దూరం. బండ్ల రోడ్డు కనిపించే మైదానంలో, కుక్క బండిని గమనించి కూడా తిండి నెమ్మదిగా తినగలిగే దూరం ఎంతో చూసుకోవాలి. అది పది అడుగులు కావచ్చు, రెండు వందల అడుగులూ కావచ్చు. బండి కనిపించింది, ముక్క వచ్చింది. బండి వెళ్లిపోయింది, ముక్కలు ఆగాయి. బండి కనిపించగానే కుక్క తానే యజమాని వైపు తిరిగి చూసే రోజు వచ్చాక కొద్ది అడుగులు దగ్గరవ్వాలి. ఆగి ఉన్న బండి, నెమ్మదిగా వెళ్లే బండి, వేగంగా వెళ్లేది, హారన్ కొట్టేది. ఇవి నాలుగు వేర్వేరు పాఠాలు.

మెడపట్టీ బదులు ఛాతీకి వేసే హార్నెస్ వాడాలి, ముఖ్యంగా మెడ, వెన్ను గాయాలున్నప్పుడు. బెదిరి వెనక్కి లాగే కుక్క హార్నెస్‌లోంచి కూడా జారిపోగలదు కనుక పొట్ట చుట్టూ రెండో పట్టీ ఉన్నదైతే మేలు. లీష్ పొడవుగా, వదులుగా ఉండాలి. బిగించి పట్టుకున్న లీష్ కుక్కకు తప్పించుకునే దారి లేదని చెబుతుంది. మలుపు దగ్గర ఎదురుగా ఏదైనా వచ్చిపడితే చల్లగా వెనుదిరగడాన్ని ఇంట్లోనే ఒక ఆటలా నేర్పి ఉంచుకోవాలి: ఒక పిలుపు, వెంటనే వెనక్కి తిరగడం, నేల మీద గుప్పెడు ముక్కలు. తల దించి ముక్కలు ఏరుకునే పనికి కుక్క ఊపిరి కూడా నెమ్మదిస్తుంది.

దెబ్బ తగిలిన చోటికి ఎప్పుడు తీసుకెళ్లాలని చాలామంది అడుగుతారు. దారి మార్చుకోగలిగితే ఎన్నడూ తీసుకెళ్లనవసరం లేదని నా అభిప్రాయం. ఇంటి గుమ్మమే ఆ చోటైతే తప్పదు. అప్పుడు మిగతా చోట్ల ధైర్యం కుదిరాక, చిట్టచివరి పాఠంగా దానిని పెట్టుకోవాలి.

మరో కుక్క కరవడం వల్ల గాయపడితే, ముందుగా పరిచయం చేయవలసినది ప్రశాంతంగా ఉండే, వయసు మళ్లిన, ఎదుటి కుక్కను పట్టించుకోని కుక్కను. ఎదురెదురుగా కాక, మధ్య చాలా ఎడం ఉంచి రెండింటినీ ఒకే దిక్కున నడిపించాలి, రోజులు గడిచేకొద్దీ ఆ ఎడం తగ్గించాలి. ఇంట్లోనే రెండు కుక్కలుంటే ఆస్పత్రి నుంచి తిరిగి వచ్చిన రోజున జాగ్రత్త అవసరం. వచ్చిన కుక్క ఒంటి మీద మందుల వాసన, నడకలో తేడా చూసి రెండోది కొత్త కుక్క అనుకోవచ్చు. నొప్పిలో ఉన్నది ఆటకు వచ్చిన దాన్ని కూడా కరవవచ్చు. కొన్నాళ్లు మధ్య గేటు పెట్టి, పరుపులు అటూఇటూ మార్చి వాసనలు కలిపి, తరువాత బయట నడకలో కలపడం క్షేమం.

ఆరవ దశ: ఆస్పత్రి, మందులు

గాయపడిన కుక్కకు ఆస్పత్రే అన్నింటికంటే పెద్ద భయం కావడం సహజం. చికిత్స ఏమీ లేని రోజుల్లో అక్కడికి తీసుకెళ్లి, మొదట గేటు బయటే, తరువాత గుమ్మంలో, తరువాత బరువు తూచే బల్ల మీద ముక్కలు తినిపించి వెనక్కి తెచ్చేయడానికి అనుమతి అడగాలి. చాలా చోట్ల సంతోషంగా ఒప్పుకుంటారు. అసలు పరీక్ష రోజున రద్దీ లేని వేళ సమయం తీసుకొని, పిలిచే వరకు కారులోనో బయటో ఆగి, వీలైతే బల్ల ఎక్కించకుండా నేల మీదే చూడమని కోరవచ్చు. ఇంటి చాపను వెంట తీసుకెళితే కాళ్ల కింద తెలిసిన వాసన ఉంటుంది.

భయం తీవ్రమైనప్పుడు మందు వాడటం ఓటమి కాదు. కుక్క తిండి కూడా ముట్టనంత బెదురులో ఉంటే ఏ శిక్షణా తలకెక్కదు. మందు ఆ తలుపు కొద్దిగా తెరుస్తుంది. ఆస్పత్రికి వెళ్లే రోజుకు సరిపోయేలా గాబాపెంటిన్, ట్రాజొడోన్ వంటివి ముందుగా ఇంట్లోనే ఇవ్వమని వైద్యులు రాస్తుంటారు. రోజంతా వదలని ఆందోళనకు ఫ్లుయోక్సెటిన్ వంటివి రాస్తారు. వీటి ఫలితం తెలియడానికి 4 నుంచి 6 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది, మానేటప్పుడు కూడా ఉన్నపళంగా కాక వైద్యుడి లెక్క ప్రకారం తగ్గించుకుంటూ రావాలి. నొప్పికి ట్రమడాల్ వాడుతున్న కుక్క అయితే ఆ సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే ఫ్లుయోక్సెటిన్‌తో గానీ ట్రాజొడోన్‌తో గానీ అది కలిసినప్పుడు శరీరంలో సెరటోనిన్ (నాడుల మధ్య సంకేతాలు మోసే రసాయనం) ప్రమాదకరంగా పెరగవచ్చు. ఏసిప్రొమజైన్ అనే మత్తుమందు ఒక్కదాన్నే భయానికి ఇవ్వడం గురించి వైద్యుడితో మాట్లాడాలి. అది కదలికను తగ్గిస్తుంది కానీ లోపలి భయాన్ని తగ్గించదని, కొన్ని కుక్కల్లో శబ్దాలకు ఉలికిపాటును పెంచుతుందని ప్రవర్తనా వైద్య నిపుణులు హెచ్చరిస్తారు.

కుక్క మనిషిని రక్తం వచ్చేలా కరిచినా, రెండు రోజులకు మించి తిండి మానేసినా, తోకనో కాలినో తానే కొరుక్కుంటున్నా, ఇంట్లో చిన్న పిల్లలు ఉండి దాన్ని దూరంగా ఉంచే వీలు లేకపోయినా, ఇక సొంత ప్రయత్నాలు ఆపి ప్రవర్తనా చికిత్సలో శిక్షణ పొందిన పశువైద్యుడిని సంప్రదించాలి. శిక్షకుడిని పెట్టుకునేటట్టయితే ముందే ఒక ప్రశ్న అడగాలి: కుక్క మాట వినకపోతే మీరేం చేస్తారు? మెడ గుంజడం, కరెంటు పట్టీ, నేలకు అదిమిపట్టడం వంటివి సమాధానంలో వస్తే మరొకరిని చూసుకోవాలి.

మళ్లీ వెనక్కి జారినప్పుడు

కొన్ని వారాలు బాగా సాగిన తరువాత, ఒక రోజు కుక్క మొదటి రోజులాగే మంచం కిందికి దూరవచ్చు. ఇది దాదాపు ప్రతి కుక్కలోనూ జరుగుతుంది. పాత భయం చెరిగిపోలేదు, దాని మీద కొత్త అనుభవం పరుచుకుంది, అంతే. అలసట, కొత్త చోటు, మరో చిన్న నొప్పి ఆ పొరను కదిలిస్తాయి. అప్పుడు ముందుగా చూడవలసింది మళ్లీ నొప్పే: కుంటు తిరిగి వచ్చిందా, చలికి కీళ్లు బిగిశాయా, నొప్పి మందు ఈ మధ్యే ఆపేశారా? శరీరంలో ఏమీ లేదని తేలితే రెండు మూడు రోజులు పూర్తి విశ్రాంతి ఇచ్చి, కుక్క తేలికగా గెలవగలిగిన పాత మెట్టు నుంచి తిరిగి మొదలుపెట్టాలి. రెండోసారి అవే మెట్లు మొదటిసారి కంటే చాలా త్వరగా గడుస్తాయి.

నెల గడిచినా నోటుపుస్తకంలో తేరుకునే సమయం తగ్గకపోతే కుక్కను తప్పుపట్టే ముందు మోతాదును అనుమానించాలి. ఎక్కువ సందర్భాలలో దూరం చాలదు, లేదా ఇచ్చే తిండికి అంత విలువ లేదు, లేదా ఇంట్లో ఎవరో ఒకరు నియమం తప్పుతున్నారు. ఈ మూడూ సరిగానే ఉంటే నోటుపుస్తకం, వీడియోలు పట్టుకొని వైద్యుడి దగ్గరకు వెళ్లి, మొదటి దశ దగ్గరి నుంచి మళ్లీ చూడమని అడగాలి.